బొమ్మకు అందని తిండి

"తలుచుకున్నానప్పా అల్లుడా, అడగమను నీ బొమ్మను" అని మునిశామప్ప మీసం దువ్వాడు.

గుంటూరు అల్లుడు సుధీర్ చేతిలో గుండ్రటి ఆటబొమ్మ ఉంది. మనం ఏ వస్తువు తలుచుకున్నా, ప్రశ్నలడిగి అదేమిటో పట్టేస్తుందట. దాని చిన్న తెర మీద వచ్చే ఇంగ్లీషు ప్రశ్నల్ని సుధీర్ తెలుగులో చదువుతున్నాడు.

అత్త అంజనమ్మకు మరిది మునిశామప్ప ఆట మీద మనసు లేదు. వచ్చినప్పటి నుంచీ అల్లుడు రాగిముద్దను సగంలోనే వదిలేస్తున్నాడు. తన వంట నచ్చక, ఇక బాగేపల్లి గడప తొక్కడేమోనని ఆమె దిగులు.

"తినేదా మామయ్యా?"

"ఊ."

"గుండ్రంగా ఉంటుందా?"

"గుండ్రంగానే ఉండాది."

"నములుతారా?"

"నమిలేది యాలప్పా? మింగేదే."

బొమ్మ మిణుకుమిణుకుమని ఆలోచించి జవాబు చూపించింది. "మాత్ర" అని చదివాడు సుధీర్.

మునిశామప్ప పడీపడీ నవ్వాడు. "రాగిముద్దప్పా! నీ బొమ్మకే జొరమొచ్చినట్టుండాది!"

"మోసం మామయ్యా! ముద్దని నమలకుండా ఎలా తింటారు? నమిలీ నమిలీ నా దవడలు పడిపోయాయి!"

అంజనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అయ్యో నాయనా, నములుతాండావా? నా వంట బాగలేదనుకుంటి గదప్పా!"

"అల్లుడు నమిలేది నేను మొన్ననే చూసినాలే వదినా" అని మునిశామప్ప కన్నుగీటాడు. "అప్పుడే చెప్పేస్తే మజా యాడుంటాది?"

మరిది మీదికి గరిటె ఎత్తి, అంజనమ్మ అల్లుడి కంచంలో వేడి ముద్ద పెట్టింది. సుధీర్ కాస్త తుంచి, చారులో ముంచి, కళ్లు మూసుకుని మింగాడు. మెత్తగా జారిపోయింది.

కళ్లు తెరిచి కంచంలోకి చూశాడు.

"ఇంత చిన్న ముద్ద చేశారేంటత్తయ్యా?"