రొట్టెల సాక్ష్యం

"పోయినేడు మార్చి పద్దెనిమిదిన, సాయంత్రం ఏడింటికి, ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద బండి దగ్గర జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను," అన్నాడు మురళీధర్ లాప్‌టాప్ తెరలోంచి.

"ఎన్ని రొట్టెలు?" అడిగింది మనస్విని. ఆమె హన్మయ్య తరపు లాయరు.

"నాలుగు."

"సాక్ష్యానికి ఒకటి చాలు కదండీ?"

మురళీధర్ కాస్త తగ్గాడు. "బాగున్నాయి మేడం."

వెనక పీట మీద కూర్చున్న సత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ బండి ఆమెదే.

నవ్వే సంగతి కాదని ఆమెకూ తెలుసు. నాచారంలో ఓ ఫ్యాక్టరీలో టర్నర్‌గా చేసే ఆమె భర్త హన్మయ్య, రెండేళ్లు కష్టపడి జొన్నరొట్టెలు తట్టే మిషన్ తయారు చేశాడు. దానికి పేటెంటు వచ్చేదీ రానిదీ ఈ పూట తేలుతుంది. దరఖాస్తు పెట్టింది ఏప్రిల్ తొమ్మిదిన. అంతకుముందే మిషన్ రొట్టెలు బండి మీద అమ్మి ఉంటే అది కొత్త వస్తువు కాదు, పేటెంటు రాదు. అమ్మారంటూ చర్లపల్లిలో వంట మిషన్లు చేసే ఓ కంపెనీ అడ్డం తగిలింది. మురళీధర్ వాళ్ల మనిషి. చెన్నై పేటెంటు ఆఫీసులో కూర్చుని వింటున్న అధికారి తెలుగావిడ కావడం ఒక చిన్న అదృష్టం. హన్మయ్య ముందుగదే ఈ పూటకి కోర్టు.

కంపెనీ లాయరు బసవరాజు తెర మీద ఓ ఫొటో పెట్టాడు.

"మురళీధర్ ఆరోజు పార్సిల్ కట్టించుకొచ్చిన రొట్టెలు మేడం. ఎనిమిది. అన్నీ ఇరవై ఒక్క సెంటీమీటర్లు. ఒక్క అంచూ చిట్లలేదు. మనిషి చేతికి ఇంత కొలత రాదు. మార్చిలోనే మిషన్ నడిచింది."

"లే మేడం," అన్నాడు హన్మయ్య. "మార్చిల అది ఇంకా ముక్కలు ముక్కలే ఉమ్ముతుండె. ఏప్రిల్ నాలుగున నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నలభై రొట్టెలు పేర్చి పెట్టింది మా ఆమె. మిషన్ నడిసిందని చెప్పింది. అయిదు దినాలకు దరఖాస్తు పెట్టిన. మార్చిలవి చేతి రొట్టెలే."

"మొగుడి కోసం పెళ్లాం ఏమైనా చెబుతుంది," అన్నాడు బసవరాజు.

సత్తమ్మ లేచింది. "నా చేతికి కొలత రాదంటున్నడా ఆ సారు?"

"నువ్వు కూసో," అన్నాడు హన్మయ్య. "మణికట్టు మళ్లా వాస్తది. నీ నొప్పి సూడలేకనే గదా మిషన్ జేసిన."

"ఒక్క పూటకు ఏం గాదు తియ్."

పిండి గిన్నె, పీట తెచ్చుకుంది. వేడినీళ్లు పోసి పిసికి, ముద్ద చేసి, కెమెరా ముందు తట్టడం మొదలుపెట్టింది. రొట్టె ఆమె అరచేతి కింద తనంత తాను తిరుగుతున్నట్టుంది. అంచు ఎక్కడ చిట్లుతుందా అని బసవరాజు తెరకు దగ్గరగా జరిగాడు. చిట్లలేదు. మనస్విని స్కేలు పెట్టింది. ఇరవై ఒకటి. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

నాలుగోదానికి అధికారి కళ్లజోడు సవరించుకుంది. "స్కేలు కొంచెం ఇటు తిప్పండి."

ఇరవై ఒకటే.

"ఇంత కొలతగా ఎట్లా వస్తాయమ్మా?"

"రావాలె గద మేడం. ఒకనికి పెద్దది పడితే పక్కోడు ఊకుంటడా?"

అధికారి నవ్వు ఆపుకుంది. బసవరాజు మాత్రం వదల్లేదు. "అయితే ఆ మిషన్ కూడా నడిపించమనండి మేడం. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

సత్తమ్మ చెయ్యి పిండి మీదే ఆగిపోయింది.

"చూడ్డానికేం లేదు," అంది అధికారి. "మీ అభ్యంతరం మార్చి రొట్టెల గురించి. అవి చేతివేనని తేలింది. ఇది నిలవదు. ఆర్డరు పంపిస్తాం."

ఓడిన పక్షంలో మురళీధర్ ఒక్కడే పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.

లాప్‌టాప్ మూసేశాక సత్తమ్మ ఆ నాలుగు రొట్టెలూ కాల్చి, పొట్లం కట్టి మనస్విని చేతిలో పెట్టింది. "తోవల తిను బిడ్డా, పొద్దటి సంది నోరు నొప్పి పుట్టేదాక మాట్లాడినవ్."

మనస్విని వెళ్లాక హన్మయ్య భార్య మణికట్టు పట్టుకుని మెల్లగా ఒత్తాడు.

"ఇదే ఆఖరు. ఇగ నువ్వు పిండి ముట్టొద్దు. మిషన్ ఉంది."

"సరే తియ్. అయిదయితుంది. బండికి రొట్టెలు గావాలె."

"నేను గూడ వస్త. రోజూ ఈ యాళ్లకు డ్యూటీలనే ఉంటి. ఇయాల సెలవు పెట్టిన గదా, జర నా కండ్లతో సూస్త."

"నువ్వు పక్కనుంటే పానా పట్టుకుని ఏదో ఒకటి ఇప్పుతవ్. పోయి వాకిట్ల కూసో."

ఆ మాట నిజమే కాబట్టి హన్మయ్య వెళ్లి పక్కింటి సాంబయ్యతో అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపల్నుంచి మిషన్ చప్పుడు వినిపించింది.

"ఇంటున్నవా బావా?" అన్నాడు హన్మయ్య మురిసిపోతూ.

లోపల మిషన్ ఖాళీగా తిరుగుతోంది. సత్తమ్మ రోజూలాగే పీట ముందుకు లాక్కుని, మొదటి ముద్ద పెట్టి, తట్టడానికి చెయ్యెత్తింది. తట్టే చప్పుడు వాకిట్లోకి పోతుందని గుర్తొచ్చి, లేచి, తలుపు మెల్లగా మూసింది.