ఐదున్నరకు శబ్దం

ప్రార్థన ముగించి మోకాళ్ళ మీదనుంచి లేచేసరికి మార్త ఫోన్లో అపార్ట్‌మెంట్ గ్రూపు మెసేజ్ కనిపించింది. పెట్టింది సెక్రటరీ మల్లికార్జున్. 'మూడో అంతస్తు పార్వతమ్మగారి ఫిర్యాదు: పొద్దున ఐదున్నరకు శబ్దం వల్ల చాలా ఇబ్బందిగా ఉంది. సంబంధించినవారు గమనించగలరు.'

పార్వతమ్మ పక్క ఫ్లాటు ఆవిడ. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. మార్త మొహం పాలిపోయింది.

"ఏవండీ, చూశారా? ఇది నా ప్రార్థన గురించే."

భర్త శామ్యూల్ దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "నీ పేరెక్కడుంది అందులో? ఆ టైంకి కింద నీళ్ళ ట్యాంకర్ వాడు కూడా మోటార్ వేస్తున్నాడుగా."

"బెంగుళూరులో నీళ్ళొస్తుంటే ఎవరైనా ఫిర్యాదు చేస్తారా? ఎదురెళ్ళి దండం పెడతారు గానీ!"

అదీ నిజమే. శామ్యూల్ మళ్ళీ ముసుగు తన్నాడు.

ఆఫీసులో ఎవరి ప్రోగ్రాం ఆగిపోయినా ముందు తన భుజాలు తడుముకునే మనిషి మార్త. ల్యాప్‌టాప్ టింగుమంటే చాలు, గుండె దడ, చేతుల వణుకు. ఆ దడను ఆపేది తెల్లవారుజాము ప్రార్థన ఒక్కటే. అదీ సొంతూరు మార్కాపురం చర్చిలో అలవాటైన పద్ధతిలో, గొంతెత్తి, పేరుపేరునా. టీముతో మొదలుపెట్టి ఇరుగుపొరుగుదాకా అందరినీ దేవుడికి అప్పజెప్పాక గానీ ఆమెన్ అనదు. అన్నాక రోజంతా మనసు కుదురుగా ఉండేది. ఈ పది రోజులుగా ట్యాంకరు హోరు మీద గొంతు కాస్త పెంచిన మాటా నిజమే.

మర్నాటినుంచి దిండులో మొహం దాచుకుని మనసులోనే ప్రార్థించింది. రెండు మాటలు అనుకునేసరికి ఆలోచన క్లయింటు మీదికి పోయేది.

"మనసులో చేసుకున్నా దేవుడికి వినబడుతుంది మార్తా," అన్నాడు శామ్యూల్.

"ఆయనకు వినబడుతుందండీ. నాకే వినబడ్డం లేదు."

నాలుగో రోజు పదింటికి ఇంటినుంచే క్లయింటుకు డెమో. అది చెడితే టీము ఆరు నెలల కష్టం మట్టిపాలు. తొమ్మిదిన్నరకే మార్త చేతులు వణకడం మొదలైంది.

"నా వల్ల కాదండీ. ఒంట్లో బాగాలేదని చెప్పేస్తాను," అంటుండగానే బెల్ మోగింది.

తలుపు తీస్తే పార్వతమ్మ. మార్తకు ఉన్న ఆ కాస్త ధైర్యమూ జారిపోయింది.

"క్షమించండి ఆంటీ. నాలుగు రోజులుగా గొంతెత్తడం లేదు. ఇంకా వినబడుతోందా?"

"అదే అడగను వచ్చినాను. ఏంది తల్లీ, నీ సద్దే లేదు? ఒళ్ళు బాగుండ్లేదా?" పెద్దావిడ లోపలికొచ్చి మార్త చెయ్యి పట్టుకుంది. "అయ్యో, ఇట్ల వణుకుతా ఉండాదే!"

ఏం జరుగుతోందో మార్తకు అర్థం కాలేదు.

"మా ఆయన పోయినప్పట్నుంచి తెల్లారితే నాకూ ఇట్లనే వణుకు. మీ దేవుని సంగతి నాకు తెలీదు. గోడకి ఆనుకొని కూర్చుంటే, పక్కింటి పెద్దమ్మకు నెమ్మది ఇయ్యి తండ్రీ అని నీవు అడిగేది వినపడేది. అది విన్నాకే లేచి కాఫీ పెట్టుకునేదాన్ని. నాలుగు దినాలాయె, పొద్దున స్టవ్వు ముట్టించలేదు. ఇప్పుడొకసారి అను తల్లీ. గట్టిగా అను."

గుమ్మం దగ్గరే నిలబడి మార్త ప్రార్థించింది. మొదటి మాటలు మెల్లగా అంది. తర్వాత మెట్లదాకా వినబడింది. డెమో, టీములో అందరి పేర్లు, చివరికి పార్వతమ్మ పేరు, అన్నీ అయ్యాక ఆమెన్ అంది. కళ్ళు తెరిచి చూస్తే ఇద్దరి చేతులూ నిలకడగా ఉన్నాయి. టైము పదికి ఐదు నిమిషాలు తక్కువ. మార్త నింపాదిగా వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది.

అప్పుడు గుర్తొచ్చింది. "మరి ఆ ఫిర్యాదు మీరే చేశారు కదా ఆంటీ?"

"నేనే చేసినాను," అంది పార్వతమ్మ తలుపు దగ్గర ఆగి. "ఆ నీళ్ళ ట్యాంకరోణ్ణి వేరే టైముకి రమ్మని చెప్పమన్నాను. వాడు మోటరు వేస్తే నీ ప్రార్థన నాకు సగమే వినపడేది!"