రాడ్డు వదలడం

నా దగ్గర వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకునే పిల్లలు నడుముకి కట్టుకునే పట్టీ, ఆ రోజు ఎంత బరువెత్తగలరో చెవిలో చెప్తుంది. అంతే ఎత్తుతారు. ఎవరి రాడ్డూ జారదు. అందుకే, బరువు అదుపు తప్పితే రాడ్డు వదలడం నేర్పే పని కూడా నాకు పోయింది.

ఇవాళ రాష్ట్ర జట్టుకి ఎంపిక. ఉన్నది ఒక్క చోటు. అవతలి పిల్ల ఎనభై రెండు కిలోలు ఎత్తేసింది. మా నూకరత్నానికి పట్టీ ఎనభై దాటొద్దంది.

రత్నం పట్టీ విప్పి నా ఒళ్ళో పడేసింది. అది విప్పి ఎత్తితే, తగిలే దెబ్బలకి పూచీ మాదే.

"ఎనభై మూడు ఎయ్యమను తాతా."

"ఎత్తగలవా?"

"నాకేటి తెలుసు? నువ్వు చెప్పు."

"నాకూ తెలీదే."

"బాగుంది, ఇద్దరికిద్దరం సరిపోయాం," అని నవ్వి వెళ్ళింది.

రాడ్డు తల మీదకి లేచింది. బరువు వెనక్కి వాలుతోంది. పిల్ల పిడికిలి విప్పడం లేదు. విప్పొచ్చని దానికి తెలీదు.

"ఒగ్గెయ్యే! ఒగ్గేసి ముందుకి దూకు!"

ఒగ్గేసింది. రాడ్డు దాని వెనక దబ్బున పడింది. హాల్లో పిల్లలంతా లేచి నిలబడ్డారు. రాడ్డు పడటం అక్కడి పిల్లలెవరూ చూసి ఎరగరు.

రత్నం ఖాళీ చేతులు చూసుకుని నా వైపు తిరిగింది.

"పడిపోయింది తాతా. ఇప్పుడేటి చెయ్యాలి?"

"ఇంకో ఛాన్సుంది. చేతులకి పౌడర్ రాసుకో."