మూడో తీగ

“తీగ మాత్రం మేలైనది చూసి చుట్టు, ధన్‌సింగూ. పందులు రోజూ చేలో పడుతున్నాయి. ఇంకో వారం ఇలాగే తొక్కితే మొక్కజొన్న కండె ఒక్కటి మిగలదు.”

బసవపున్నయ్య ఇనుప ఉచ్చును బల్ల మీద పెట్టాడు. కాలు పడితే పళ్ల దవడలు రెండూ ఠక్కున మూసుకునే రకం. దాని స్ప్రింగు తుప్పు పట్టి విరిగింది.

“ఎక్కడ పెడ్తున్నరయ్యా?”

“ఇంకెక్కడ? ఇప్పచెట్ల కింద బాటలోనే. పూలు రాలుతున్నాయిగా, ముందు అక్కడికే దిగుతున్నాయి.”

ధన్‌సింగ్ ఉచ్చు పళ్లను వేలితో తడిమి చూశాడు.

అది ఎనభై మూడు మార్చి. కారేపల్లి చుట్టుపక్కల ధన్‌సింగ్ చుట్టిన స్ప్రింగంటే ఓ నమ్మకం. తాళానికైనా, సైకిలు సీటుకైనా పదేళ్లు ఢోకా ఉండదు. అలాంటివాడు ఈ పనికి తీగ తేల్చుకోలేక సతమతమయ్యాడు.

నల్ల స్టీలు తీగ గట్టిదే కానీ మంచుకు తుప్పు పడుతుంది. ఖమ్మం నుంచి తెప్పించిన స్టెయిన్‌లెస్ తీగ దేనికైనా ఆగుతుంది. కంచె తీగ కూడా చూడటానికి దానిలాగే తెల్లగా మెరుస్తుంది కానీ, నాలుగు రోజులు నొక్కి ఉంచితే చచ్చుబడుతుంది.

మూడింటితోనూ మూడు స్ప్రింగులు చుట్టాడు. సాయంత్రం వాటిని నొక్కి బిగించాడు. పొద్దున విప్పితే రెండు చెంగున లేచాయి. కంచె తీగది సగమే లేచింది.

భార్య కమ్లి చేతికర్ర పొడుచుకుంటూ చాయ్ తెచ్చింది.

“ఏందయ్యా, మొహం గట్ల పెట్టినవ్? జరమొచ్చిందా?”

“ఏం లేదు. లోపలికి పో.”

చాయ్ చల్లారిపోయింది. చాలాసేపు తీగచుట్టల ముందు కూర్చుని, చివరికి ఉచ్చు కోసం కొత్త స్ప్రింగు చుట్టాడు. బసవపున్నయ్య వచ్చి కర్రతో తట్టి చూశాడు. ఉచ్చు ఠక్కున మూసుకుంది. మురిసిపోతూ తీసుకెళ్లాడు.

వారం తిరక్కముందే దాన్ని తెచ్చి దుకాణం ముందు విసిరికొట్టాడు.

“పంది దీని మీద కాలు మోపి మరీ పోయిందయ్యా! మూసుకుంటేగా! సగం చేను నాశనమైంది. ఏం తీగ పెట్టావు?”

తమాషా చూడటానికి కారేపల్లిలో మనుషులకు ఎప్పుడూ కొదవ లేదు. నిమిషంలో పదిమంది చేరారు.

ధన్‌సింగ్ చేతులు జోడించాడు. “కండ్లు సరిగ్గ కనబడ్తలేవయ్యా. రెండూ తెల్లగనే ఉంటయ్ గద. కంచె తీగ పడ్డది.”

“కళ్లు కనపడనివాడికి దుకాణం ఎందుకు? ఇక నీ గడప ఎవరు తొక్కుతారో చూస్తా!”

ముప్పై ఏళ్ల పేరు ఒక్క పూటలో మంటగలిసింది. గుమ్మంలో నిలబడ్డ కమ్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ధన్‌సింగ్ ఆమె వైపు చూడలేకపోయాడు.

మూడేళ్ల కిందట తెల్లవారుజామున ఇప్పపూలు ఏరబోయిన కమ్లి పాదాన్ని కొరికి వదలనిది, ఇంకో రైతు ఉచ్చుకు తాను చుట్టిచ్చిన స్టెయిన్‌లెస్ స్ప్రింగే కాబట్టి, ఈసారి కంచె తీగను ధన్‌సింగ్ కళ్లు బాగా తెరుచుకునే ఎంచాడు.