నాంచారమ్మ కొత్త పట్టీ

ఇంటింటా యంత్రాలు వెండి అచ్చుపోసే రోజులొచ్చినా, పట్టీకి జత కలపాలంటే మా బజారులో వీరాచారి దగ్గరికే వస్తారు.

నాంచారమ్మ పట్టీ ఒకటి కాలవలో పోయింది. మిగిలినదాన్ని చూసి చారి తన యంత్రంలో కొత్తది పోశాడు. పొడవు, మందం, మువ్వలు అన్నీ ఒకటే. త్రాసులో పెడితే మాత్రం కొత్తది కిందికి దిగింది.

"సీసం కలిపావు చారీ! బజారంతా వినబడేలా చెబుతా చూడు."

ఆవిడ గొంతుకి ఆ శక్తి ఉంది. నలభై ఏళ్ల పేరు పోయేలా ఉంటే, చారి రెండింటినీ పరమాణువుల్ని లెక్కపెట్టే యంత్రం కింద పెట్టి చూపించాడు.

"రెండూ వెండే పిన్నీ. పరమాణువుకి నలభై ఏడు ప్రోటాన్లుంటే వెండే. పాతదాంట్లో కొన్నిటికి అరవై న్యూట్రాన్లు, కొన్నిటికి అరవై రెండు. కొత్తదాంట్లో అన్నిటికీ అరవై రెండు పడ్డాయి. ఆ పాళ్లు కలపడం మరిచాను."

"నాలుగు ఎలక్ట్రాన్లు తీసెయ్, సరిపోతుంది."

"అవి పెళ్లిలో చంటిపిల్లలు పిన్నీ. సందడేగానీ తూకానికి రావు. ఇటివ్వు, మళ్లీ పోస్తా."

నాంచారమ్మ ఇవ్వలేదు. "మా తోడికోడలి పట్టీ ఇంతే మందం. అయినా నాదే బరువా?"

"నీదే."

ఆవిడ రెండూ తొడుక్కుని బజారంతా వినబడేలానే చెప్పింది. "మా చారి వెండికి న్యూట్రాన్లు ఎక్కువ!"

సాయంత్రానికి తోడికోడలు దిగింది. "నాకు అరవై నాలుగు వెయ్యి."

"అది నిలవదమ్మా. వారం తిరిగేసరికి సగం వెండి వెండిగా ఉండదు."

"ఆదివారం పెళ్లికి ఉంటే చాల్లే."