పని గడిలో టిక్కు

"నన్ను పెళ్ళి చేసుకో. కుటుంబం గడిలో టిక్కు పెడితే ఆర్నెల్లలో నివాస కార్డు చేతికొస్తుంది," అన్నాడు లాంచీ నడిపే సరంగు, చుక్కాని వదలకుండానే.

కళ్ళద్దాలు సానబట్టే అమ్మాయి దరఖాస్తు ఫారం మోకాళ్ళ మీద పరుచుకుంది. చుట్టూ పొగమంచు. ఏది ఒడ్డో ఏది నీరో తెలియని తెల్లదనంలో లాంచీ నిద్రలో నడిచినట్టు పోతోంది.

"ఉన్నవి మూడు దారులు," అంది వేలు పెట్టి చూపిస్తూ. "ఇక్కడి పౌరుణ్ణి కట్టుకుంటే కుటుంబం. ప్రాణభయంతో పారిపోయొస్తే శరణు. చేతిలో విద్య ఉంటే పని. నన్నెవరూ తరమలేదు. విద్యయితే ఉంది."

"పని గడంటే రెండేళ్ళు! యజమాని సంతకాలు, పరీక్షలు... అప్పుడైనా వస్తే వచ్చినట్టు. చేతికందే పండు ఎదురుగా ఉంటే చెట్టెక్కుతానంటావేం?"

ఆమె 'పని' ఎదురుగా టిక్కు పెట్టింది.

ఆమె దిగి వెళ్ళాక, టిక్కెట్లు చింపే సరంగు అక్క మెల్లగా దగ్గరికొచ్చింది. "వద్దని ఇంతకన్నా మర్యాదగా ఎవరు చెప్తార్రా! ఆశ వదులుకో."

వదులుకున్నాననే అనుకున్నాడు. రోజూ ఉదయం ఆమె లాంచీ ఎక్కేది. రెయిలింగు పక్కన ఆమె నీలం శాలువా మంచులో కరిగిపోయి, మళ్ళీ తేలేది. నది దాటే ఆ పదకొండు నిమిషాలూ అతను ఇంజను జోరు కాస్త తగ్గించేవాడు. పదకొండు కాస్తా పద్నాలుగయ్యేవి. అక్క చూసీ చూడనట్టు ఊరుకునేది.

రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి. ఓ ఉదయం ఆమె రేవు మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చి లాంచీ ఎక్కింది. చేతిలో కార్డు.

"వచ్చేసింది! ఇక ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు, ఎవరి దగ్గరైనా పని చేయొచ్చు. మా దేశం వెళ్ళి అమ్మను చూసి, భయం లేకుండా తిరిగి రావచ్చు!"

సరంగు చుక్కాని వైపు తిరిగాడు. "మంచిది. పట్నంలో పెద్ద దుకాణాలున్నాయి, వెళ్ళు. నీకిక ఇక్కడ ఎవరి అవసరమూ లేదు."

"లేదు. నీ అవసరం కూడా లేదు," అందామె, చుక్కాని మీదున్న అతని చేతిపై చెయ్యి వేస్తూ. "ఇప్పుడు పెళ్ళి చేసుకుందామా?"