తప్పులో వాటా

డ్రైవరు లేని బస్సు గుద్దడంతో, కుట్టుపని చేసే సువార్త కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. ఆ రోజుల్లో ఇలాంటి కేసులకు కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు. న్యాయయంత్రమే ఇంటికి ఫోన్ చేసి విచారించేది. భర్త ఇశ్రాయేలు ఆమెకు జడ వేస్తుండగా ఫోన్ మోగింది. సువార్త స్పీకరు పెట్టింది.

"బస్సు బ్రేకు ఆలస్యంగా వేసింది. మీరు ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు దాటారు. తప్పు చెరి సగం, కాబట్టి పరిహారం సగమే వస్తుంది," అంది యంత్రం. "కాల్ వివరాలు మేం చూడకూడదు. ఎవరు చేశారో మీరే చెబితే, మీ తప్పులో కొంత వాళ్ల పేరు మీద రాస్తాం."

పేరు మీద తప్పు పడ్డవాళ్లను ఏడాదిదాకా ఎవరూ పనిలో పెట్టుకోరు. ఇశ్రాయేలుది డిపోలో ఉద్యోగం.

"ఎవరిదో రాంగ్ నంబరండీ," అంది సువార్త.

"కాదండీ, నేనే చేశాను," అన్నాడు ఇశ్రాయేలు. "రోడ్డు మీదున్నాను, ఫోన్ పెట్టెయ్ అంది తను. కూరలో ఉప్పు లేదని నేనే గొడవపడుతూ పెట్టనివ్వలేదు."

యంత్రం ఆమె పరిహారం పెంచింది. అతని ఉద్యోగం ఆ పూటే పోయింది.

"ఎందుకయ్యా చెప్పావు?" అంది సువార్త.

"నువ్వు ఒక్క మాటైనా అనకపోతే ఈ ఇంట్లో ఉండలేకపోతున్నానే."

అప్పుడు సువార్త అతన్ని నోరారా తిట్టింది. ప్రమాదం జరిగాక అతని మీద కోపం చూపించడం అదే మొదటిసారి.